నాలో లాగేది ఎవరు? ఏడెనిమిదేళ్ల పిల్లలకు ఊపిరితిత్తుల పని నేర్పిన ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ప్లాస్టిక్ సీసా అడుగు కోసి, మూతలోంచి దూర్చిన గొట్టానికి లోపల ఒక బెలూన్ కట్టి వేలాడదీసి, కోసిన చోట మరో బెలూన్ ముక్కను సాగదీసి బిగించి చేసే ఊపిరితిత్తుల నమూనా తెలియని సైన్సు టీచరు ఉండరు. అడుగు రబ్బరును కిందికి లాగితే లోపలి బెలూన్ ఉబ్బుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. నేనూ దీన్ని చాలా ఏళ్లుగా తరగతిలో చేయిస్తూ వచ్చాను. పిల్లలు ఇష్టంగా చేస్తున్నారు కాబట్టి నేర్చుకుంటున్నారనే అనుకున్నాను. ఆ అనుకోవడం ఎంత తప్పో తెలియజేసిన తరగతి గురించి ఇక్కడ రాస్తున్నాను.

తరగతిలో ఇరవై నలుగురు పిల్లలు, అందరూ ఏడెనిమిదేళ్ల వాళ్లు. వాళ్లలో ఒకరికి ఆస్తమా ఉంది. శ్వాస పాఠానికి నలభై నిమిషాల పీరియడ్లు రెండు చాలనుకుని మొదలుపెట్టాను, చివరికి ఏడు పట్టాయి. పిల్లలను గుర్తుపట్టే వివరాలేవీ ఇవ్వడం లేదు. ముఖ్యంగా ప్రస్తావించవలసిన ఇద్దరిని ఒక బాబు, ఒక పాప అని మాత్రమే అంటాను.

ఎదురైన సమస్య

పాఠం మొదలుకాకముందే ప్రతి ఒక్కరికీ ఒక మనిషి ఆకారం గీసిన కాగితం ఇచ్చి, పీల్చిన గాలి ఎక్కడికి వెళ్తుందో గీయమన్నాను. సగానికి పైగా పిల్లలు ముక్కు నుంచి తిన్నగా పొట్టలోకి ఒక గొట్టం గీశారు. కొందరు గాలిని గుండెకు చేర్చారు, ఇంకొందరు తలలోనే ఒక చుట్టు తిప్పి బయటికి పంపేశారు. ఛాతీలో రెండు సంచులు గీసినవాళ్లు కొద్దిమంది ఉన్నారు గానీ, ఆ సంచులకూ ముక్కుకూ మధ్య దారి వేసినవాళ్లు అంతకన్నా తక్కువ. అయితే నోటితో అడిగినప్పుడు మాత్రం, ఆక్సిజన్ లోపలికి, కార్బన్ డయాక్సైడ్ బయటికి అని తరగతి మొత్తం ఏకకంఠంతో చెప్పింది.

బొమ్మలు చూసి, వీళ్లకు ఊపిరితిత్తులు ఎక్కడుంటాయో తెలియదు, అది చెబితే సరిపోతుందని నిర్ణయించాను. ఇప్పుడు తిరిగి చూస్తే ఆ నిర్ధారణే మొదటి పొరపాటు. అవయవం ఉన్న చోటు తెలియకపోవడం పెద్ద లోపమేమీ కాదు, ఒక చార్టు చూపితే తీరిపోతుంది. అసలు చిక్కు ఆ బొమ్మల్లో కనబడనిది. గాలి వచ్చాక ఛాతీ ఉబ్బుతుందా, ఛాతీ పెద్దదయ్యాక గాలి వస్తుందా అన్న ప్రశ్నను నేను వాళ్లను అడగలేదు.

మొదట చేసినవి

మొదటి పీరియడ్‌లో చార్టు చూపి, వాయునాళం రెండుగా చీలడం, కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు, గుండెకు చోటు ఇవ్వవలసి రావడంతో ఎడమదానికి రెండే ఉండడం వంటివి చెప్పాను. ఆ తర్వాత పిల్లలకు బెలూన్లు ఇచ్చి ఊదమన్నాను. ఊపిరితిత్తి ఎలా ఉబ్బుతుందో చేతిలో చూసుకుంటే బాగా తెలుస్తుందని నా ఉద్దేశం.

ఈ పని రెండు విధాల బెడిసికొట్టింది. వరసగా నాలుగైదు సార్లు గట్టిగా ఊదిన పాప తల తిరుగుతోందని కూర్చుండిపోయింది. వేగంగా ఊదేకొద్దీ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి తగ్గిపోతుంది, దాంతో మెదడుకు వెళ్లే రక్తనాళాలు కాస్త ముడుచుకుంటాయి. కాసేపు మామూలుగా ఊపిరి తీసుకునేసరికి తేరుకుంది గానీ, అది నేను ముందే ఊహించవలసిన విషయం. పైగా ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఊదని బెలూన్లు, పగిలిన ముక్కలు గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది. ఆ రోజు నుంచి బెలూన్ నా చేతిలోనే ఉంటుంది, పిల్లల చేతికి ఇవ్వను.

రెండో నష్టం ఇంతకన్నా లోతైనది. బెలూన్‌ను ఊదినప్పుడు గాలిని మనం తోస్తాం, ఆ తోపుడుకు బెలూన్ ఉబ్బుతుంది. మనిషి ఊపిరి తీసుకునే పద్ధతి ఇది కాదు. నోటి అడుగు భాగాన్ని పైకి నొక్కి గాలిని ఊపిరితిత్తుల్లోకి నెట్టుకునేది కప్ప. అంటే నేను తెలియకుండానే పిల్లలకు కప్ప ఊపిరిని నేర్పి, అది మనిషిదని చెప్పాను.

రెండో పీరియడ్‌లో సీసా నమూనా చేశాం. కోతలు, రబ్బరు బిగించడం నేను చేసి, మిగతా పని పిల్లల చేత చేయించాను. అన్నీ చక్కగా పనిచేశాయి. ఇప్పుడు ఏం జరిగిందో చెప్పమన్నాను. పాప లేచి ఇలా అంది: "బెలూన్‌లోకి గాలి వచ్చింది టీచర్, అందుకే కింది రబ్బరు కిందికి వెళ్లింది."

రబ్బరును కిందికి లాగింది ఆ పాప చెయ్యే. లాగుతూ, కళ్లారా చూస్తూ కూడా కారణాన్ని, ఫలితాన్ని తారుమారు చేసింది. మొదటి రోజు ఊదిన బెలూన్ ఆమె ఆలోచనలో అంత గట్టిగా పాతుకుపోయింది. గాలే ముందు, ఉబ్బడం తర్వాత. మిగతా పిల్లల్లో చాలామంది ఆమె మాటకు తలలూపారు. పీరియడ్ చివర, అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని బాబు నా దగ్గరికి వచ్చి, సీసాను తిప్పి తిప్పి చూసి అడిగాడు: "సీసాలో రబ్బరును మనం లాగాం కదా టీచర్. మరి నాలో లాగేది ఎవరు?"

ఆ పూట నా దగ్గర జవాబు లేదు. ఉదర వితానం అనే కండరం అని చెప్పి పంపేయవచ్చు. కానీ అది వాడికి మరో పేరు మాత్రమే అవుతుంది. ఆక్సిజన్ అన్న మాట లాగే దాన్నీ కంఠస్థం చేసి అప్పజెబుతాడు.

దారి మార్చడం

ఆ వారాంతం పిల్లల మాటలు రాసుకున్న నోట్సు చదువుతూ కూర్చుంటే, తప్పు వాళ్లది మాత్రమే కాదనిపించింది. మన భాష కూడా వాళ్లను అటే తోస్తోంది. ఊపిరి పీల్చడం అంటాం, అందుకే పిల్లలు ముక్కు పీలుస్తుందనుకుంటారు. ఊపిరితిత్తి అంటాం, తిత్తి అంటే సంచి, అందుకే సంచి గీస్తారు. అయితే అదే తిత్తి కొలిమిలోనూ ఉంది. కొలిమి తిత్తిని ఎవరూ ఊదరు. దాని పలకలను విడదీస్తే లోపల చోటు పెరుగుతుంది, ఆ చోటులోకి గాలి దానంతటదే వచ్చి చేరుతుంది. 1674లో జాన్ మేయో కొలిమి తిత్తి లోపల ఒక పలచని సంచిని అమర్చి ఊపిరి ఆడే తీరును వివరించాడు. మనం చేసే సీసా నమూనాకు అదే పూర్వీకుడు. మాటలోనే ఉన్న ఈ అర్థాన్ని నేనెప్పుడూ తరగతిలో వాడుకోలేదు.

దాంతో మూడు నిర్ణయాలు తీసుకున్నాను. వాయువుల పేర్లను పూర్తిగా పక్కన పెట్టాలన్నది మొదటిది. గాలి అనేదే చోటు ఆక్రమించే పదార్థమని చాలామంది పిల్లలకు ఇంకా తెలియదు. పొడి కాగితం కుక్కిన గ్లాసును బోర్లించి నీళ్లలో ముంచితే కాగితం తడవకపోవడం చూసి వాళ్లు పడిన ఆశ్చర్యమే అందుకు సాక్ష్యం. ఊపిరిని సున్నపు తేటలోకి ఊది పాలలా మారడం చూపే ప్రయోగాన్ని కూడా ఇదే కారణంతో మానేశాను. అది మా ప్రశ్నకు సంబంధం లేనిది, పైగా ఈ వయసు పిల్లలు ఊదబోయి పీల్చే అవకాశం ఉంది. రెండో నిర్ణయం, నమూనా కన్నా ముందు పిల్లల సొంత శరీరం రావాలన్నది. మూడోది, ప్రతి పనికీ ముందు ఏం జరుగుతుందో పిల్లలు చెప్పాలి, ఆ తర్వాతే చేసి చూడాలి.

ఆస్తమా ఉన్న విద్యార్థి విషయం కూడా అప్పుడే ఆలోచించాను. ఒక్కరినే పక్కన కూర్చోబెడితే ఊపిరి పాఠమే ఆ బిడ్డకు అవమానంగా మిగులుతుంది. అందుకని ప్రతి పనిలోనూ తరగతిలో సగం మంది చేసేవాళ్లు, సగం మంది చూసి చెప్పేవాళ్లు అని విభజించాను. గట్టిగా ఊపిరి తీసుకోవలసిన పనులు వచ్చినప్పుడు ఆ విద్యార్థి చూసేవాళ్ల వైపు ఉండేలా జాగ్రత్తపడ్డాను. ఇది సర్దుబాటుగా మొదలై తర్వాత పద్ధతిగా స్థిరపడింది. ఎందుకంటే తన ఊపిరిని గమనించుకునే బిడ్డ దాన్ని మార్చేస్తుంది, పక్కవాళ్లు గమనిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీసుకుంటారో లెక్కపెట్టినప్పుడు కూడా ఇదే ఉపయోగపడింది. సొంతంగా లెక్కపెట్టుకున్నవాళ్ల అంకెలు పొంతన లేకుండా వచ్చాయి. జంటలో ఒకరు కథ వింటుండగా మరొకరు భుజాలను, పొట్టను చూసి లెక్కపెడితే ఆ వయసుకు మామూలైన 18 నుంచి 30 లోపే వచ్చాయి.

శరీరంతో మొదలుపెట్టినప్పుడు ఎదురైన కొత్త చిక్కు

వెల్లకిలా పడుకుని, పొట్టపై ఒక మెత్తని బొమ్మ పెట్టుకుని మామూలుగా ఊపిరి తీసుకోవడం మొదటి పని. ఊపిరి తీసుకుంటే బొమ్మ లేస్తుంది, వదిలితే దిగుతుంది. పిల్లలకు ఇది చాలా నచ్చింది. నచ్చినంత మాత్రాన సరిపోదని అప్పటికి తెలుసు కాబట్టి, బొమ్మ ఎందుకు లేచిందని అడిగాను. పొట్టలోకి గాలి వెళ్లింది కాబట్టి అన్నారు. మొదటి రోజు బొమ్మల్లో ఉన్న పొరపాటుకు నేనే ఇంకో రుజువు అందించినట్టయింది. చాలా చోట్ల చేయించే ఈ పనిలో ఇంత పెద్ద గొయ్యి ఉందని నాకు అంతవరకు తోచలేదు.

మరుసటి పీరియడ్‌కు ఒక పారదర్శకమైన మెత్తని కవరులో నీళ్లు నింపి మూతి కట్టి తెచ్చాను. దాన్ని బల్లపై నిలబెట్టి, పైనుంచి అరచేత్తో నొక్కితే ఏమవుతుందని అడిగాను. పక్కలకు ఉబ్బుతుందన్నారు, నొక్కి చూశారు, ఉబ్బింది. లోపలికి కొత్తగా ఏమైనా వెళ్లిందా? లేదు. మరి ఎందుకు ఉబ్బింది? పైనుంచి తోశాం కాబట్టి. అప్పుడు మీ పొట్టను లోపలి నుంచి, పైవైపు నుంచి ఎవరో తోస్తున్నారన్నమాట అన్నాను. బాబు వెంటనే నా వైపు చూశాడు. వాడి ప్రశ్నకు ఇప్పుడు ఒక చోటు దొరికింది. లాగేదెవరో ఇంకా తెలియకపోయినా, ఎక్కడుందో తెలిసింది.

ఆ తర్వాత కింది పక్కటెముకలపై రెండు అరచేతులు ఆనించి, మధ్యవేళ్ల కొనలు ముందువైపు తాకేలా పెట్టుకోమన్నాను. ఊపిరి తీసుకుంటే వేళ్లు విడిపోతాయి. కాగితపు పట్టీ చుట్టి కొలిస్తే ఆ తేడా అంకెగా కనబడింది. ఎవరిది ఎక్కువ అన్న పోటీ మొదలవుతుండగా పట్టీలు తీసేశాను. పోటీ పడితే ఛాతీ బలవంతంగా విరుచుకుంటారు, అప్పుడు చూడవలసింది కనబడదు.

ఏది ముందు?

ఇక అసలు ప్రశ్న అడిగాను. గాలి వచ్చి పక్కటెముకలను తోస్తోందా, పక్కటెముకలు విడిపోతే గాలి వస్తోందా? అందరూ మొదటిదే అన్నారు. అయితే గాలి దారి మూసేస్తే ఏం జరగాలి అని అడిగాను. పాప బాగా ఆలోచించి, గాలి రాదు కాబట్టి ఛాతీ కదలదు అంది. తాను నమ్మినదాని నుంచి సరిగ్గా రావలసిన ఊహ అదే. పాప తర్కంలో తప్పేమీ లేదు.

పెదాలు బిగించి, ముక్కును వేళ్లతో మూసి, ఒక్క క్షణం మాత్రమే ఊపిరి తీసుకోబోయి, వెంటనే ముక్కు వదిలేయమన్నాను. క్షణం కన్నా ఎక్కువ వద్దని గట్టిగా చెప్పాను, చప్పట్లతో నేనే సమయం చూశాను. చూసేవాళ్ల చూపంతా ఎదుటివాళ్ల పక్కటెముకలపైనే ఉంది. కదలిక చిన్నదే గానీ ఉంది. ముక్కు వదలగానే గాలి చప్పుడు చేస్తూ లోపలికి దూసుకుపోయింది. గాలి రాకముందే కదిలింది టీచర్ అని చూసేవాళ్ల వైపు నుంచే ముందు వినబడింది. చెప్పింది ఆస్తమా ఉన్న విద్యార్థి.

పాప ఒప్పుకోలేదు. ఛాతీలో అప్పటికే కొంచెం గాలి ఉందిగా, అదే తోసి ఉంటుంది అంది. ఈ అభ్యంతరం నన్ను ముచ్చటపరిచింది, ఎందుకంటే అది సమాధానం చెప్పవలసిన అభ్యంతరం. అందుకే శరీరాన్ని వదిలి సిరంజికి వచ్చాను. సూది లేని పెద్ద సిరంజి, 50 మిల్లీలీటర్లది. లోపలి కాడను పూర్తిగా నొక్కి, మొనను వేలితో మూసి, కాడను వెనక్కి లాగమన్నాను. వేలి చర్మం మొనలోకి లాక్కున్నట్టవుతుంది, కాడ లాగడం కష్టమవుతుంది, వదిలితే టక్కున వెనక్కి పోతుంది. వేలు తీసి లాగితే హాయిగా వస్తుంది, మొన దగ్గర పట్టుకున్న పలచని కాగితపు పేలిక అటు వంగుతుంది. లోపల గాలి దాదాపు లేదు, లాగింది తన చెయ్యి, చోటు పెరిగింది, గాలి వచ్చింది. పాప ఆ సిరంజిని ఏడెనిమిది సార్లు లాగింది. తర్వాత, గాలి తోయలేదు, దానికి చోటు దొరికింది అంది. చోటు పెరిగితే లోపలి పీడనం తగ్గుతుందని 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన నియమాన్ని ఈ వయసుకు ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

సీసా నమూనాను ఇప్పుడు మళ్లీ బయటికి తీశాను. ఈసారి గొట్టం మూతిని వేలితో మూసి రబ్బరు లాగితే బెలూన్ ఉబ్బదని, వేలు తీయగానే ఉబ్బుతుందని చేయకముందే చెప్పారు. సీసా పక్కన చిన్న రంధ్రం పొడిస్తే ఏమవుతుందన్నదానిపై వాదన నడిచింది. పొడిచి చూస్తే, ఎంత లాగినా బెలూన్ సరిగా ఉబ్బలేదు. గాలికి దగ్గరి దారి దొరికిందని ఒకరు కారణం చెప్పారు.

బాబు ప్రశ్నకు జవాబు

లాగేది ఎవరన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. చేయి ముడిచి భుజం కింది కండ గట్టిపడడం తాకి చూపాను. అలాంటి కండరమే పొట్టకూ ఛాతీకీ మధ్య గొడుగులా పరుచుకుని ఉంటుందని, బిగుసుకుంటే కిందికి దిగి చదునవుతుందని చెప్పాను. బాబు ఒప్పుకున్నట్టు తలూపాడు గానీ ముఖంలో వెలుగు లేదు. చేతి కండను వాడు చూడగలడు, తన ఇష్టప్రకారం బిగించగలడు. ఇది కనబడదు, వాడు చెప్పకపోయినా పనిచేస్తుంది.

జవాబు అనుకోకుండా దొరికింది. సిరంజి లాగుతూ విపరీతంగా నవ్విన ఒక పిల్లవాడికి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. తరగతంతా నవ్వుతోంది. వాడి అనుమతితో బాబు చేతిని వాడి పొట్ట పైభాగాన, పక్కటెముకల కింద ఆనించాను. ఎక్కిలి వచ్చినప్పుడల్లా అక్కడ ఒక కుదుపు. "నువ్వు లాగుతున్నావా?" అని బాబు అడిగాడు. "నేనేం చెయ్యట్లేదు, దానంతటదే లాగుతోంది" అని వాడు మధ్యమధ్య ఎక్కుతూ చెప్పాడు. ఎక్కిలి అంటే ఉదర వితానం ఒక్కసారిగా బిగుసుకోవడమే. గాలి లోపలికి దూకబోతుంటే గొంతులోని స్వరతంత్రులు మూసుకుంటాయి, ఆ చప్పుడే మనకు వినబడుతుంది. లాగే చెయ్యి ఎవరిదో బాబుకు తన అరచేతికి తగిలింది. ఇంత సులువైన ఉదాహరణ, పిల్లలందరికీ తెలిసినది, ఇన్నేళ్లలో నాకు ఒక్కసారీ తట్టలేదు.

నమూనాలోని తప్పులు

మిగిలిన సమయంలో సీసాకూ మనకూ ఉన్న తేడాలను పిల్లల చేతే పట్టించాను. సీసా గోడ కదలదు, మన పక్కటెముకలు కదులుతాయి. సీసాలో బెలూన్ చుట్టూ ఖాళీ ఉంది, మనలో ఊపిరితిత్తి ఛాతీ గోడకు దాదాపు అంటుకునే ఉంటుంది, మధ్యలో పలచని ద్రవపు పొర మాత్రమే. సీసా రబ్బరు చదునుగా మొదలై కిందికి ఉబ్బుతుంది, మన కండరం గొడుగులా మొదలై చదునవుతుంది. మొదటి రెండూ పిల్లలే చెప్పారు, ద్రవపు పొర సంగతి నేను కలిపాను, మూడోదానికి గొడుగు తెరిచి చూపవలసి వచ్చింది.

ఊపిరితిత్తి ఖాళీ సంచి కాదన్న సంగతికి స్పాంజి ముక్క, సబ్బు నురుగు వాడాను. నురుగును దగ్గరగా చూస్తే ఒక్క పెద్ద బుడగ కాకుండా వేలాది చిన్న బుడగలు కనబడతాయి. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల్లో అలాంటి చిన్న గాలి సంచులు, అంటే వాయుగోణులు, సుమారు 30 కోట్లు ఉంటాయి, వాటి గోడలన్నీ పరిస్తే దాదాపు 70 చదరపు మీటర్లు. ఈ అంకె పిల్లలకు ఏమీ చెప్పదు కాబట్టి ఆవరణలో సుద్దతో 13.4 మీటర్ల పొడవు, 5.18 మీటర్ల వెడల్పు గీశాం. సింగిల్స్ ఆడే బ్యాడ్మింటన్ కోర్టు కొలత అది. ఇరవై నలుగురూ అందులో చేతులు చాచి నిలబడినా చోటు మిగిలింది.

నేర్చుకున్నవి

పాఠం క్రమాన్ని ఇప్పుడు మార్చుకున్నాను. గాలి చోటు ఆక్రమిస్తుందన్నది ముందు, తర్వాత శరీరం, తర్వాత సిరంజి, చివర సీసా. నమూనా మొదట వస్తే అది చేతిపనిగా మిగిలిపోయింది. ప్రశ్న పుట్టాక వస్తే అదే సీసాతో పిల్లలు వాదించుకున్నారు. బెలూన్ ఊదడం పూర్తిగా తీసేశాను. పొట్టపై బొమ్మ పెట్టే పనిని ఉంచాను గానీ, నీళ్ల కవరు పక్కన లేకుండా చేయించను. తరగతిలో ఊపిరి పీల్చండి అనే బదులు ఊపిరి తీసుకోండి అనడం అలవాటు చేసుకుంటున్నాను. అప్పుడప్పుడు పాత మాటే దొర్లుతుంది.

ఊపిరి వదలడం గురించి నేను చేసింది తక్కువ. నెమ్మదిగా ఉన్నప్పుడు ఊపిరి వదలడానికి కండరం పనిచేయవలసిన అవసరం లేదు, బిగువు సడలితే సాగిన ఊపిరితిత్తి దానంతటదే వెనక్కి వస్తుంది. పిల్లల్లో ఎక్కువమంది మాత్రం వదలడాన్ని ఇంకా తోయడంగానే చెబుతున్నారు. కొవ్వొత్తి ఆర్పడానికి ఊదడానికీ నిద్రలో వదలడానికీ తేడా చూపే పని ఒకటి కావాలి. నిద్రపోతున్నవాళ్లను ఇంట్లో గమనించి రమ్మనడం ఒక ఆలోచనగా ఉంది, ఇంకా ప్రయత్నించలేదు.

ఆరు వారాల తర్వాత మొదటి రోజు కాగితాన్నే మళ్లీ ఇచ్చాను. పొట్టలోకి గొట్టం గీసినవాళ్లు ముగ్గురు మిగిలారు. ఒక విద్యార్థి ఛాతీలో సీసానే గీసి, మూతతో సహా రంగు వేశాడు. పాప పక్కటెముకల నుంచి బయటికి బాణాలు గీసి 1 అని, ముక్కు దగ్గర లోపలికి బాణం గీసి 2 అని వేసింది. బాబు ఊపిరితిత్తుల కింద ఒకే గీతను రెండుసార్లు గీశాడు, పైన వంపుగా ఒకటి, కింద చుక్కలతో చదునుగా ఇంకొకటి. పక్కన ముందు గీసి రబ్బరుతో చెరిపేసిన ఒక చిన్న చెయ్యి ఆనవాలు కనబడుతోంది.